కల్లు మండువ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

తాటివనంలోనో, ఈతవనం అంచునో, ఊరి పొలిమేరలో చెట్ల నీడనో గీత కార్మికులు కల్లు అమ్మే చోటును కల్లు మండువ అంటారు. కొన్న కల్లు అక్కడే కూర్చుని తాగడం, అంచుకు ఏదో ఒకటి తినడం, పొద్దుగూకేదాకా ముచ్చట పెట్టుకోవడం ఇక్కడి తీరు. ఈ వ్యాసం ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల మండువలకు పరిమితం. ములుగు 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి చీలి వేరే జిల్లా అయింది. కనుక అంతకు ముందటి రెండేళ్ళ రాతల్లో భూపాలపల్లి పేరు కింద కనిపించే కొన్ని సంగతులు ములుగు అడవులవి కావచ్చు.

కల్లు గురించి రాసినవి తక్కువేం కాదు. ఆబ్కారీ లెక్కల్లో, కులవృత్తుల వర్ణనల్లో, గీత కార్మిక సంఘాల చరిత్రలో దాని ప్రస్తావన విరివిగా ఉంది. మండువను తిండి దొరికే చోటుగా, నలుగురు కూర్చునే చోటుగా చూసిన రచనలు మాత్రం అరుదు. పల్లెమనిషి ఇల్లు దాటి, డబ్బు పెట్టి, తోటివాళ్ళతో కలిసి తిన్న తొలి చోటు చాలా ఊళ్ళలో ఇదే. హోటలు తర్వాత వచ్చింది. రాతల్లోని ఆ లోటు కొంతైనా పూడాలని ఇక్కడ తిండి, కూర్చునే పద్ధతి గురించి ఎక్కువ రాశాం.

పేరు

కల్లు ద్రావిడ పదం. తమిళ, మలయాళాల్లో కళ్ అనీ, కన్నడంలో కళ్ళు అనీ ఉంది. మండువ అన్నది ఇంటి మాట. మండువా లోగిలిలో నాలుగు వైపులా వసారాలుండి, నడుమ ఆకాశం కనబడే ఖాళీ జాగాను మండువ అంటారు. మనుషులు గుండ్రంగా చేరి కూర్చునే చోటు గనుక కల్లు దగ్గరికి కూడా ఆ పేరే వచ్చి ఉంటుందనుకోవడం సబబుగా తోస్తుంది. పట్టణాల్లో ప్రహరీ కట్టిన కల్లు ఆవరణను కాంపౌండు అంటారు. కల్లు దుకాణం అన్నది ఆబ్కారీ కాగితాల్లో ఎక్కువగా కనిపించే మాట. ఒకే ఊళ్ళో మూడు మాటలూ వినపడతాయి గానీ, చెట్ల కింద అమ్మేదాన్ని కాంపౌండు అన్నవాళ్ళు తక్కువ.

తాగుతూ తినేదానికీ పేర్లు చాలా ఉన్నాయి. పెద్దవాళ్ళు అంచుకు అంటారు. నంజుకోవడం అన్న మాట తెలుగు నేలంతా ఉన్నదే. పాత తెలుగులో నంజుడు అంటే మాంసమే. చాక్నా ఉర్దూ నుంచి వచ్చింది, రుచి చూడడం అన్న క్రియ దానికి మూలం. హైదరాబాదులో ఆ పేరుతో మేక పేగులు, కార్జం కలిపి వండే పులుసు కూడా ఉంది కాబట్టి కొందరు ఆ వంటకమే అసలు అర్థమంటారు. పానంతో పాటు కొద్దికొద్దిగా రుచి చూసే తిండి అన్న అర్థం ముందుదై, దాన్నుంచి వంటకానికి పేరు పడిందన్నదే నమ్మదగినదిగా ఉంది. ఇప్పటి కుర్రకారు వీటన్నిటినీ స్టఫ్ అనేస్తున్నారు.

పూర్వ చరిత్ర

ఓరుగల్లు సీమలో ఇల్లు దాటి డబ్బిచ్చి తినడానికి పాత సాక్ష్యం క్రీడాభిరామంలో ఉంది. ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులు తిరుగుతూ చూసిన వాటిలో పూటకూళ్ళ ఇల్లు ఒకటి. ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, పిండివంట, నెయ్యి, కూరలతో తృప్తిగా భోజనం దొరికేదని కవి వర్ణించాడు. ఈ కావ్యం వినుకొండ వల్లభరాయనిదని ఒక పక్షం, శ్రీనాథునిదని మరో పక్షం వాదించాయి. రెండో వాదానికి వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పెద్దల బలం ఉంది. అయినా కావ్యంలోనే వల్లభరాయని పేరున్నందున దాన్ని పక్కన పెట్టడానికి ఇంకా గట్టి కారణం కావాలి. కర్త ఎవరైనా రచన కాకతీయ రాజ్యం పడిపోయాక కొన్ని దశాబ్దాల తర్వాతిది. అది చూపించే ఓరుగల్లులో కంటితో చూసినదెంత, విన్నదెంత అన్నది తేల్చి చెప్పలేం. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఈ కావ్యాన్ని విస్తారంగా వాడుకున్నారు. తర్వాత రాసినవాళ్ళలో చాలామంది నడిచింది ఆ బాటలోనే. పూటకూళ్ళ ఇల్లు బాటసారులకు అన్నం పెట్టే చోటు. తాగే చోటు పక్కన తిండి అమ్మడమన్నది దానికి భిన్నమైన సంప్రదాయం, రెండింటినీ కలిపి చెప్పడం పొరపాటు.

జనగామ జిల్లాకు కల్లుతో ఉన్న చారిత్రక బంధంలో సర్వాయి పాపన్నది ముందు చెప్పవలసిన పేరు. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో ఆయన కట్టించిన కోట నేటికీ నిలిచి ఉంది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి తాటికొండ ఆయన మరో స్థావరం. గీత వృత్తి చేసే కులంలో పుట్టి, ఆ పని చేయనని తిరగబడి, కోటలు పట్టిన మనిషిగా జానపద కథ ఆయన్ను నిలబెట్టింది. పుట్టిన తేదీ 1650 ఆగస్టు 18 అని వాడుకలో ఉంది, తెలంగాణ ప్రభుత్వం అధికారికంగా జయంతి జరుపుతున్నదీ ఆ రోజునే. మొగలు కాలపు పారసీక రచనలను బట్టి గట్టిగా చెప్పగలిగింది మాత్రం చివరి పదేళ్ళ గురించే. 1708లో మొహర్రం రోజుల్లో ఓరుగల్లు మీద పడి దోచడం, 1710లో పట్టుబడి చనిపోవడం అందులోనివి. చావు గురించి రెండు కథనాలున్నాయి. శత్రువు చేతికి చిక్కకుండా తనను తానే పొడుచుకున్నాడని జానపదుల పాట చెబుతుంది. చరిత్రకారుడు ఖాఫీఖాన్ కథనం ప్రకారం ఆయన గాయపడి ఒంటరిగా హసనాబాద్ చేరినప్పుడు కల్లు గీసే మనిషి ఒకడు గుర్తుపట్టి పట్టించాడు, ఆ పైన శిరచ్ఛేదం జరిగింది. ఈ హసనాబాద్ నేటి హుస్నాబాద్ అని కొందరి గుర్తింపు. సమకాలికుడు రాసినందున రెండోదానికే మొగ్గు చూపాలి. బాటన పోయేవాళ్ళు ఆగే చోటు, కొత్త ముఖం ఎవరిదో ఆనవాలు పట్టే చోటు కల్లు దగ్గరే కాబట్టి ఆ కథనం నేల మీద నిలబడినట్టు కనిపిస్తుంది కూడా.

నిజాం కాలంలో కల్లు, సారాల మీది హక్కును గుత్తకిచ్చేవారు. ఆబ్కారీ అన్న మాట ఆ పాలన మిగిల్చినదే. గీసేవాడికి చెట్టు పన్ను, పైన గుత్తేదారు పెత్తనం, ఆ పైన దొర వెట్టి. ఇప్పటి జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలోని విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడి వెట్టికి పేరుమోసింది. గీత కార్మికులు దొర గడీకి ప్రత్యేకంగా చెట్లు కేటాయించి ఊరికే కల్లు పోయవలసి వచ్చేదని పుచ్చలపల్లి సుందరయ్య సాయుధ పోరాట గ్రంథంలో రాశారు. అంటే ఊరి మండువలో పడే కల్లు, గడీకి పోయగా మిగిలిన కల్లు.

చెట్టు నుంచి రేక దాకా

తాటిలో పోతుతాడు, పండుతాడు అని రెండు రకాలు. పోతుతాడు మగది, కాయ కాయదు. ముంజలు కాసేది పండుతాడు. సాధారణంగా చలికాలం చివర పోతుతాళ్ళతో మొదలై, ఎండలు ముదిరేకొద్దీ పండుతాళ్ళ వంతు వస్తుంది. ఈతచెట్టుకు మొవ్వు కింద కాండాన్నే చెక్కుతారు. అది ఎక్కువగా చలికాలపు గీత. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం అడవి ఊళ్ళలో గిరక తాటి కల్లు ఉంది. కొన్నిచోట్ల దాన్నే జీలుగు కల్లంటారు. చెట్లు తక్కువ గనుక అది దొరికే మండువకు దూరం నుంచి జనం వస్తారు.

గీత కార్మికుడి సరంజామాను ఒక్క మాటలో మోకు, ముత్తాదు అంటారు. నడుముకు ముత్తాదు, చెట్టు చుట్టూ మోకు, కాళ్ళకు గుజి, వెనక కత్తుల పొది. రోజుకు రెండు మూడు సార్లు ఎక్కి గెల కొసను పలుచగా చెక్కితేనే ధార ఆగదు. ఒక్క పూట మానితే కోత ఎండిపోతుంది. గెల కింద కట్టిన లొట్టి అనే కుండలో పడిన రసం గాలిలోని ఈస్టు సోకి వెంటనే పులవడం మొదలవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులుపు ఆగి తియ్యగా ఉంటుంది, అదే నీరా. పూయకపోతే కొన్ని గంటల్లో నూటికి 4 నుంచి 6 పాళ్ళ మద్యం తయారై, ఆ తర్వాత పులుపెక్కుతూ పోతుంది. పొద్దటి కల్లు తియ్యన, మాపటి కల్లు ఘాటు అన్న లెక్క దీన్నుంచి వచ్చిందే. మండువ ఒక వేళకు నిండి మరో వేళకు ఖాళీ కావడానికీ ఇదే కారణం. సరుకును దాచిపెట్టి అమ్మే వీల్లేదు, మనిషే సరుకు వేళకు రావాలి.

చెట్టు ఎక్కడం ప్రాణాలతో పని. మోకు జారి పడి చనిపోయినవాళ్ళు, నడుము విరిగి మంచాన పడినవాళ్ళు లేని గీత ఊరు ఉండదు. 2024 జూలై 14న అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర లష్కర్‌గూడలో మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం పథకం కింద కొత్త రకం తాళ్ళు, బెల్టులు ఇస్తున్నారు. కాటమయ్య గీత కార్మికుల దైవం. వనంలో చెట్టు మొదట రాయి నిలిపి కొలుస్తారు, తొలి కల్లు ఆయనకే పోస్తారు.

పాత మండువలో గ్లాసు ఉండేది కాదు, రేక ఉండేది. లేత తాటాకును దోనెలా మడిచి, ఒక కొస నోటికి ఆనించి, రెండో కొస రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుంటారు. తాగేవాడు గొంతుక్కూర్చుంటే పోసేవాడు నిలబడి లొట్టి వంచుతాడు. నురుగు ముందు జారి మీసాలకు అంటుతుంది, వెనక ధార వస్తుంది. ధార ఆగకూడదు, పొర్లకూడదు. తాగేవాడి గొంతు కదలికను చూస్తూ పోసేవాడు లొట్టిని వంచుతూ లేపుతూ ఉంటాడు. చాలు అనడానికి నోరు ఖాళీ ఉండదు కనుక రేకను కొంచెం దించితే చాలు, అది గుర్తు. తాగడానికి ముందు నాలుగు చుక్కలు నేల మీద వదిలేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బోనాల నాడు అమ్మవారికి పోసే సాకకు ఇది ఇంటి రూపం. రేక పట్టిన కల్లుకు పచ్చి ఆకు వాసన తగులుతుంది. గ్లాసులో పోసిన కల్లుకు ఆ రుచి లేదనే మాట పెద్దవాళ్ళందరి నోటా వినపడుతుంది.

రేకకు మరో వైపు కూడా ఉంది. తాగి పారేసేది గనుక ఎంగిలి పట్టింపు అక్కడితో తీరిపోయేది. చాలా ఊళ్ళ హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడిచిన కాలంలో మండువలో ఎవరి ఆకు వాళ్ళదే. దీన్ని చూపి మండువలో కులం లేదన్నవాళ్ళున్నారు, అది నిలిచే మాట కాదు. దళితులు ఎడంగా కూర్చోవడం, వారికి దూరం నుంచి పోయడం చాలా ఊళ్ళలో పెద్దవాళ్ళు ఎరిగినదే. ఆకు ఒక్కటైనా చెట్టు నీడ ఒక్కటి కాలేదు.

అంచుకు

మండువలో గీత కార్మికుడు కల్లు అమ్ముతాడు, వండడు. తిండి అమ్మేవాళ్ళు వేరు, ఎక్కువగా ఆడవాళ్ళు. దుకాణం మీద వాళ్ళకు హక్కు లేదు, కాగితాల్లో పేరు లేదు. వనంలోకి పోయే బాట మలుపులోనో, కాంపౌండు గోడ బయటనో గంప దించుకుని కూర్చుంటారు. ఆబ్కారీ దస్తావేజులు చదివి కల్లు చరిత్ర రాసినవాళ్ళకు వీళ్ళు కనబడకపోవడానికి ఇదే కారణం.

అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేది గుడాలు. శనగలు, బొబ్బర్లు, పెసర్లు, అనుములు, ఆ కాలంలో ఏవి చవకైతే అవి రాత్రి నానబెట్టి, పొద్దున ఉప్పేసి ఉడికించి, నీళ్ళు వంచి, ఎల్లిపాయ, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెడతారు. స్టీలు గిన్నె మీద తడిగుడ్డ కప్పి ఉంటుంది. అమ్మే ఆమె అడిగినవాడికి గరిటెతో తీసి, పాత నోటుపుస్తకం కాగితంలో పోసి, పైన తరిగిన ఉల్లిగడ్డ వేసి, నిమ్మచెక్క పిండి ఇస్తుంది. ఉడుకు కొంచెం తగ్గాక గింజ పగలకుండా, లోపల మెత్తగా, పైన పొట్టు గట్టిగా ఉంటే గుడాలు కుదిరినట్టు. పులిసిన కల్లు నాలుక మీద పెట్టే పులుపును ఉప్పు, పప్పుల చప్పదనం కలిసి అణచుతాయి. అందుకే తీపి తిండి మండువలో కనిపించదు.

మాంసంలో ఖరీదైన ముక్క మండువకు రాదు. పొద్దున ఊళ్ళో మేక పడితే తొడ, చాప ఇళ్ళకు పోతాయి. తలకాయ, కాళ్ళు, బోటి, కార్జం, నల్ల మిగులుతాయి. వీటిని రుచిగా మార్చడంలోనే వండే మనిషి పనితనమంతా ఉంది. బోటిని తిరగేసి, వేడినీళ్ళూ పసుపూ ఉప్పూ వేసి రుద్ది రుద్ది కడగాలి. ఆ పనికి పట్టే సమయం వండడానికి పట్టేదానికన్నా ఎక్కువ. నల్ల అంటే గడ్డకట్టిన నెత్తురు. ముందు ఉడకబెట్టి, చేత్తో చిదిపి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో పొడిపొడిగా వేపుతారు. కార్జం త్వరగా ఉడుకుతుంది, ఎక్కువసేపు పొయ్యి మీద ఉంచితే రాయవుతుంది. వట్టి తునకలు, అంటే మాంసాన్ని సన్నగా కోసి ఉప్పు, కారం, పసుపు పట్టించి దండెం మీద ఎండబెట్టినవి, పండుగల తర్వాత రోజుల్లో ఇళ్ళ నుంచే తెచ్చుకుంటారు. నిప్పుల మీద కాల్చి, రాతి మీద దంచి, పీచులు తీసి నములుతారు.

వానలు పడ్డాక చెరువు చేపలు. కాకతీయుల కాలపు చెరువులు ఈ మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి. భూపాలపల్లి దగ్గర ఘన్‌పూర్‌లోని గణపసముద్రం వాటిలో పేరుగలది. పెద్ద చేప బజారుకు పోతుంది, పరకల్లాంటి చిన్నవి కారం పట్టించి పెనం మీద కరకర వేపి మండువకు వస్తాయి, ముల్లు తీయకుండానే తింటారు. తొలకరిలో పుట్టల నుంచి లేచే ఉసిళ్ళను పట్టి, రెక్కలు రాల్చి, వేపుకుని తినడం అడవి అంచు ఊళ్ళలో ఉంది. అమ్మకానికి రావడం అరుదు, తెచ్చినవాడు నలుగురికీ పంచుతాడు.

మహబూబాబాద్ జిల్లా తండాల దగ్గరి మండువల్లో లంబాడాల సళోయి గురించి తప్పక చెప్పాలి. మేక నెత్తురు, లోపలి భాగాలు కలిపి వండే కూర ఇది. జొన్నరొట్టెతో, వాళ్ళ మాటలో బాటితో, తింటారు. ఇది అసలు ఇంటి వంట, వేటను కోసిన నాటి వంట. ఇక్కడ పండే మిర్చి సంగతి ఎరిగినవాళ్ళకు ఈ వంటల కారం గురించి చెప్పనక్కర్లేదు. ఈ వైపు గుడాల్లో కూడా ఎండుమిర్చి జనగామ వైపు కన్నా ధారాళంగా పడుతుంది.

కూర్చునే తీరు

మండువలో బల్లలు, కుర్చీలు ఉండవు. రాయి, చెట్టు మొదలు, పరిచిన తాటాకు, తలకు చుట్టిన తువ్వాల విప్పి వేసుకున్న జాగా, ఇవే ఆసనాలు. వచ్చినవాడు ఎవరి జట్టులో కూర్చోవాలో అతనికి ముందే తెలుసు. ప్రతి గీత కార్మికుడికీ వాడుక మనుషులుంటారు. ఒకరి వాడుకను మరొకరు లాక్కోవడం మర్యాద కాదు. పైసలు ఆ రోజే ఇవ్వాలనీ లేదు. పంట చేతికొచ్చాక వడ్లు కొలిచి ఇచ్చే పద్ధతి మొన్నటి తరం దాకా నడిచింది.

వయసు, వావి చూసి పిలుపులుంటాయి. గీసే మనిషిని కులం పేరుతో గౌడా అని పిలిచినా, వెంటనే అన్నా, బావా, మామా అన్న వరస వచ్చి చేరుతుంది. గుడాల ఆమె అందరికీ అవ్వో, అక్కో, వదినో. తండ్రీ కొడుకులు ఒకే జట్టులో కూర్చోరు. కొడుకు దూరం నుంచే తండ్రిని చూసి పక్క చెట్టు కిందికి పోతాడు, తండ్రి చూడనట్టే ఉంటాడు. ఆడవాళ్ళు తాగడం తెలంగాణ పల్లెల్లో తప్పు కాదు. నాట్ల కాలంలో పనికి పోయివచ్చిన ఆడకూలీలు జట్టుగా వచ్చి, ఎడంగా కూర్చుని, లేదా ముంతలో ఇంటికి తెచ్చుకుని తాగుతారు. ఈత కల్లు ఒంటికి చలువ అని పిల్లలకు గుక్కెడు పట్టించే అలవాటు మొన్నటిదాకా ఉంది. పులిసే గుణం ఎరిగిన ఈ రోజుల్లో దాన్ని సమర్థించలేం.

పెళ్ళి మాట, పొలం గట్టు తగాదా, కూలి రేటు, ఎన్నికల లెక్క, అన్నీ ముందు ఇక్కడ నలిగి తర్వాత పంచాయతీకి పోతాయి. ఊరి మధ్య రచ్చబండ దగ్గర మాట్లాడేది పెద్దమనుషులు, మండువలో అందరూ మాట్లాడతారు. దసరా నాడు జమ్మి ఆకు పంచుకుని అలయ్ బలయ్ తీసుకున్నాక మండువకు పోవడం ఈ జిల్లాల్లో పండుగలో భాగమే.

భూపాలపల్లి పట్టణానిది కొంత వేరే కథ. సింగరేణి గనులు, చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ కేంద్రం వచ్చాక జీతం పైసలు, షిఫ్టు వేళలు వచ్చాయి. కల్లుకు చెట్టు వేళ ఉంటుంది, గని మనిషికి షిఫ్టు వేళ. రెండూ కలవనందున ఇక్కడ సీసా మద్యం, వైన్సు పక్క పర్మిట్ రూమ్ త్వరగా పాతుకున్నాయి.

దగ్గరి పోలికలు

కేరళలో కల్లు షాపు తన వంటకే పేరు తెచ్చుకుంది. కప్ప అని అక్కడ పిలిచే కర్రపెండలం, ఎర్రటి చేపల పులుసు కోసమే కుటుంబాలతో పోయేవాళ్ళున్నారు. అక్కడ వంటగది దుకాణంలోనే ఉండడం పెద్ద తేడా.

జపాను ఇజకాయ మరింత ఆసక్తికరమైన పోలిక. ఇ అంటే ఉండడం, సకాయ అంటే సాకే అనే బియ్యపు మద్యం అమ్మే దుకాణం. ఊరికే కొని ఇంటికి తీసుకుపోయే దుకాణంలో, అక్కడే ఉండి తాగే ఏర్పాటు వచ్చాక పుట్టిన పేరిది. ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, 1596లో మొదలైందని చెప్పే తోషిమాయ అన్న దుకాణం చవక సాకేతో పాటు మిసో పూసి కాల్చిన తోఫు అమ్మిందని ప్రసిద్ధి. దాన్ని తొలి ఇజకాయ అనే వాళ్ళున్నారు. ఆ రకం దుకాణాలు విరివిగా కనిపించేది 18వ శతాబ్ది మధ్య నుంచి గనుక తోషిమాయను మూలపురుషుడిగా కాక తొలి సూచనగా లెక్కించడం మేలు. ఇజకాయలో పూర్తి భోజనం ప్రధానం కాదు. కాల్చిన కోడి ముక్కలు, ఉప్పేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు, చిన్న చిన్న పళ్ళేల్లో పంచుకుని తినేవి వస్తాయి. కూర్చోగానే అడగకుండా తెచ్చి పెట్టే ఒక చిన్న గిన్నె తిండిని ఒతోషి అంటారు, దానికి లెక్క కట్టి తీసుకుంటారు. ఉప్పు వేసిన గింజలు, మాంసంలో లోపలి భాగాలు, కొద్దికొద్దిగా పంచుకోవడం, పని దిగాక ఇంటికి ముందు ఒక మజిలీ, ఇవన్నీ మండువ ఎరిగినవే. ఇజకాయకు కప్పు ఉంది, వంట కూడా యజమాని కిందే నడుస్తుంది. గుడాల అవ్వ ఎవరి కిందా లేదు.

సాకే దుకాణంలోనే నిలబడి తాగే పద్ధతిని జపానులో కకుఉచి అంటారు. మన వైన్సు పక్క పర్మిట్ రూమ్ సరిగ్గా ఆ కోవలోది. కొన్న సీసా అక్కడే తాగే వీలు, బయట బండి మీద బజ్జీలు, ఉడికిన గుడ్లు, చికెన్ పకోడీ. జనగామ మీదుగా పోయే హైదరాబాద్ వరంగల్ రోడ్డు పొడుగునా ఇది చూడవచ్చు. జట్టులో కూర్చునే మర్యాదలు మాత్రం అక్కడికి బదిలీ కాలేదు.

కల్తీ, కట్టడి, నేటి స్థితి

చెట్టు కల్లు, మందు కల్లు అన్న తేడా ఈ రంగంలో ప్రాణాల మీది సంగతి. క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, ఆల్ప్రాజోలం వంటివి నీళ్ళలో కలిపి కల్లు పేరుతో అమ్మడం కొన్ని జిల్లాల్లో వేళ్ళూనుకుంది. 2015లో ప్రభుత్వం కల్తీని కట్టడి చేసినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వందల మంది అలవాటు తప్పి వణుకుతో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లుకు పలువురు బలయ్యారు. పాత వరంగల్ వైపు తాటి, ఈత చెట్లు ఇంకా మిగిలి ఉన్నందున చెట్టు కల్లే ఎక్కువన్న పేరుంది. ఆ పేరు చెట్ల కింద అమ్మే మండువకు వర్తించినంత గట్టిగా పట్టణ కాంపౌండుకు వర్తించదు. కల్లు ఎక్కడిదో కంటికి కనబడే చోట తాగడమే నమ్మకం. మహబూబాబాద్ జిల్లాలో నల్లబెల్లం, పటికతో కాచే గుడుంబా ఒకప్పుడు కల్లుకు గట్టి పోటీ. తెలంగాణ వచ్చాక దాడులు, కాచే కుటుంబాలకు రెండు లక్షల రూపాయల పునరావాస సాయంతో అది తగ్గింది.

గీత వృత్తి నేడు రెండు పద్ధతుల్లో నడుస్తోంది. సహకార సంఘం పేరున దుకాణం తీసుకోవడం ఒకటి, గీసేవాడికే చెట్ల మీద విడిగా లైసెన్సు ఇచ్చే టీఎఫ్‌టీ మరొకటి. 2021 మద్యం విధానంలో వైన్సు దుకాణాల్లో 15 శాతం గౌడ కులస్థులకు కేటాయించారు. వృత్తికి అది ఊతమన్నవాళ్ళూ, కల్లు గీసే చేతిని సీసా వైపు తిప్పిందన్నవాళ్ళూ ఉన్నారు. దుకాణం పొందడానికి పెట్టుబడి కావాలి కనుక రోజూ చెట్టెక్కే మనిషికి అది అందడం కష్టమన్న రెండో పక్షపు మాటలో బరువుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో నీరా కేఫ్ తెరిచారు. ఈ మూడు జిల్లాల్లో నీరా ఇంకా మండువ తాగుడుగా మారలేదు.

కావడి పోయి టీవీఎస్ ఎక్సెల్ బండికి కట్టిన ప్లాస్టిక్ క్యాన్ వచ్చింది. రేక పోయి ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది. చెట్టెక్కే కుర్రవాళ్ళు తగ్గడంతో లేత ఆకు కోసి తెచ్చేవాళ్ళు లేరని దీనికి చెప్పే కారణం. గుడాల గంప మాత్రం ఇంకా బాట మలుపులోనే ఉంది. స్టీలు గిన్నె, తడిగుడ్డ, నోటుపుస్తకం కాగితం అవే. పక్కన అతికించిన ఫోన్‌పే కాగితం ఒక్కటే కొత్తది.